దొరకలేదని చెప్పేశాను

పండగపూట అబద్ధమాడాను. అదీ దేవుడి గూటి ముందు నిలబడి. పెద్ద అబద్ధమేం కాదు, ఎవరి కొంపా మునగలేదు. అయినా పన్నెండు దాటినా నిద్ర రావట్లేదు. మా ఆయన గురక ఇవాళ మామూలుగానే ఉంది కాబట్టి నెపం దాని మీదకి తొయ్యడానికీ లేదు.

పొద్దున ఎనిమిదింటికి తమ్ముడు వీడియో కాల్ చేశాడు. వాడుండే టెక్సాస్‌లో అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. ఇక్కడ మహర్నవమి, ఆయుధపూజ. మా ఇంట్లో ఆయుధాలంటే మీకు తెలిసినవే. కత్తిపీట, కుట్టుమిషను, ఆయన స్కూటరు, పెద్దదాని లాప్‌టాపు. కీబోర్డులో కుంకుమ పడుతుందని అది పెట్టిన గోలకి మూత మీద చందనం చుక్క పెట్టి ఊరుకున్నాను. వీటితో పాటు తాతయ్య త్రాసు. ఏడాదికోసారి పెట్టెలోంచి తీసి తుడిచి గూట్లో పెట్టేది నేనే.

వాడు మాత్రం నిజం ఆయుధానికే పూజ చేశాడు. గ్యారేజీలో బల్ల మీద ఎర్ర గుడ్డ పరిచి, రివాల్వరు పెట్టి, పక్కన రెండు నిమ్మకాయలు. "అమ్మా, చూడు" అన్నాడు. అమ్మ కళ్ళజోడు పైకీ కిందకీ జరిపి, "పాత సినిమాల్లో ఇనస్పెక్టరు దగ్గరుండేదిలా ఉందే" అంది. ఆ మాటకి వాడెంత పొంగిపోయాడో! బొట్టు పెట్టాడు, ఫోటో తీసుకున్నాడు, వెంటనే ఆ బొట్టు గుడ్డతో తుడిచేశాడు. తడి కుంకుమకి ఇనుము తుప్పు పడుతుందట. "పెట్టిన బొట్టు తుడుస్తావుట్రా, అదీ పండగ పూట?" అని అమ్మ గుండెలు బాదుకుంది. తర్వాత తనే లెక్కేసుకుని, "పోన్లే, వాడికింకా అష్టమేగా" అని సర్దుకుంది. అమ్మ అంతే. కొడుక్కైతే తిథి కూడా మారుతుంది.

ఆ తర్వాత మొదలైంది క్లాసు. అరగంట. గారెల పిండి రుబ్బి గిన్నెలో ఉంది, నూనె కాగుతోంది, వీడు తూటాలు చేసే విధానం చెబుతున్నాడు.

అది 1917 నాటి వెబ్లీ, మార్క్ సిక్స్. బర్మింగ్‌హామ్‌లో చేసింది. మధ్యకి విరిచినట్టు వంచితే ఆరు ఖాళీ తొడుగులూ ఒక్కసారే పైకి లేస్తాయి, ఆ ఒక్కటి చూడ్డానికి బాగుందని ఒప్పుకుంటాను. దానికి సరిపడే .455 తూటాలు ఇప్పుడు అరుదు, దొరికినా ఖరీదు. అమెరికా చేరిన చాలా వెబ్లీలకి తూటాలు పట్టే చక్రం వెనకభాగం అరగదీసి, బజార్లో దొరికే .45 ఆటో తూటాలు పట్టేట్టు చేశారట. పట్టడానికి పడతాయి గానీ, కొట్లో కొన్న తూటా ఒత్తిడి ఆ ముసలి ఇనుముకి ఎక్కువ. అందుకని దాని వయసుకి తగ్గట్టు తక్కువ ఒత్తిడి తూటాలు వీడే కూర్చుకుంటాడు. ఇత్తడి తొడుగులు కడిగి ఆరబెట్టి, కాలిన ప్రైమరు, అంటే మందుకి నిప్పంటించే అడుగు బిళ్ళ, పొడిచి తీసేసి, తొడుగుని అచ్చులో నొక్కి కొలతకి తెచ్చి, కొత్త ప్రైమరు, మందు, ఆ పైన సీసం గుండు. యాభై చెయ్యడానికి ఒక సాయంత్రం పడుతుందట. ప్రైమర్లలో రెండు రకాలు, బాక్సర్, బెర్డాన్. బాక్సర్ ఇంగ్లీషువాడు, బెర్డాన్ అమెరికావాడు. కానీ అమెరికాలో నిలిచింది బాక్సర్ రకం, యూరప్‌లో చాలాకాలం ఎక్కువగా వాడింది బెర్డాన్ రకం. ఇది చెప్పి వాడొక్కడే నవ్వుకున్నాడు.

మా ఆయన వచ్చి, "ఇక్కడ లైసెన్సు ఉన్నవాడికే తూటాలు లెక్కపెట్టి ఇస్తారు. ఇంట్లో చేశానంటే ఆయుధాల చట్టం కింద లోపలేస్తారు" అన్నారు. "ఇక్కడ మన వాడకానికైతే లైసెన్సు అక్కర్లేదు బావా, అమ్మితేనే కావాలి" అన్నాడు వాడు. ఆయన ఒక గారె నోట్లో వేసుకుని వెళ్ళిపోయారు. అదృష్టవంతులు.

ఇంతవరకూ నాకు కోపమేం లేదు. అసలు మంట ఇక్కణ్ణుంచి.

"అక్కా, మందు తూచేటప్పుడు పాటలుండవు, ఫోనుండదు, ఎవరూ మాట్లాడకూడదు" అన్నాడు. ఒక తొడుగులో మందు పడకపోతే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది, అది తెలీక వెనకాలే ఇంకోటి పేల్చితే గొట్టం పగులుతుంది. ఒకదాంట్లోనే రెండుసార్లు పడితే చెప్పక్కర్లేదు. అందుకని యాభై తొడుగులూ చెక్కలో వరసగా నిలబెట్టి, టార్చి వేసి, అన్నిట్లో మందు ఒకే ఎత్తుకి ఉందో లేదో చూశాకే గుండ్లు కూర్చోబెడతాడట. ఆ పైన ఎంతో గొప్పగా, "ఇదంతా నాకు తాతయ్య దగ్గర అబ్బిందే. చిచ్చుబుడ్లు కూరేటప్పుడు ఆయన పక్కన కూర్చునేవాణ్ణిగా. మా షూటింగ్ రేంజిలో వాళ్ళందరికీ అదే చెప్పాను" అన్నాడు.

ఎవరు కూర్చున్నార్రా?

కూర్చున్నది నేను! ఏడేళ్ళు వరసగా, మూడో తరగతి నుంచి తొమ్మిది దాకా, దసరా సెలవులు మొదలైతే చాలు, బ్రాడీపేట ఇంటి డాబా మీద తాతయ్య పక్కన కూర్చున్నది నేను. పట్నం బజారు పచారీ కొట్టు నుంచి సూరేకారం, గంధకం పొట్లాలు మోసుకొచ్చింది నేను. ఒక పొట్లం రిక్షాలో తొడ మీద, ఒకటి పక్కన, రెండూ కలవకుండా. జిల్లేడు బొగ్గు నూరి, వస్త్రగాళితం పట్టి, మూడు రోజులు నల్లగా తుమ్మింది నేను. నూలు బట్టలే కట్టుకోవాలి, గాజులు తీసెయ్యాలి, ఇనప గరిటె ముట్టుకోకూడదు, చెక్కదే. పక్కనే తడిపిన గోనెసంచి. తాతయ్య పంచె ఎగ్గట్టి గొంతుక్కూర్చుని ఆ చిన్న త్రాసులో ఒక్కోటీ తూచి వేరు వేరు కాగితాల్లో పోసేవాడు. ఒక పళ్ళెం తేలితే ఊపిరి బిగబట్టేవాడు. నేనూ బిగబట్టేదాన్ని. కింద పట్టాలమ్మట రైలెళ్తే అది పోయేదాకా ఆగేవాడు, గాలికి కాదు, లెక్కకి. "మాట పెగిలితే లెక్క తప్పుద్దే" అనేవాడు. రోజంతా ఆయన మాట్లాడే మాట అదొక్కటే.

ఒక ఏడు నేను మాట్లాడాను. ఏదో బళ్ళో సంగతి, ఆగలేక. ఆయన చెయ్యి ఆగింది. ఎన్ని కాగితాలు పోశాడో గుర్తు రాలేదు. నా వైపు చూళ్ళేదు, తిట్టలేదు. పొద్దుటి నుంచీ కలిపిందంతా బక్కెట్లో నీళ్ళలో గుమ్మరించేశాడు. అంతా! మళ్ళీ పట్నం బజారు, మళ్ళీ జిల్లేడు బొగ్గు. ఆ నల్లనీళ్ళు డాబా తూములోంచి జారి ఎదురింటివాళ్ళ గోడ మీద చారలు కట్టాయి. ఆ చారలు చూసినప్పుడల్లా సిగ్గుతో చచ్చేదాన్ని. ఇంకో మనిషైతే, మరీ కావాలంటే బుడ్లు కాస్త తక్కువగా వెలుగుతాయిలే అని కూరేసేవాడు. మా నాన్నైతే తప్పకుండా కూరేసేవాడు.

మట్టిబుడ్లు కుమ్మరి దగ్గర నలభై తెచ్చేవాళ్ళం. బోర్లించి, కింద నుంచి కొద్దికొద్దిగా మందు పోసి, కర్రతో దట్టించి, బంకమట్టితో మూతెయ్యాలి. దట్టించడం తాతయ్య, బంకమట్టి నేను. మతాబులకి పాత పేపరు గొట్టాలు చుట్టి, మైదా జిగురుతో అంటించి, ఆ జిగురు కాచుకు రావడానికి మెట్లు దిగడం ఎక్కడం, అదీ నేనే. వాడా? వాడికప్పుడు అయిదో ఆరో. గుండీ లేని నిక్కరు ఎడం చేత్తో పట్టుకుని పైకొచ్చేవాడు, నానమ్మ రెక్క పట్టుకుని కిందకి లాక్కెళ్ళేది. మందు దగ్గరకి చిన్నపిల్లల్ని రానివ్వకూడదని ఇంట్లో చట్టం. వాడి పాత్ర అంతవరకే.

ఇప్పుడు ఇదంతా తీసుకెళ్ళి టెక్సాస్‌లో ఎవరెవరికో తన కథగా చెప్పుకుంటున్నాడు. పైగా "ఆ త్రాసు పంపించక్కా. నాకు డిజిటల్ కాటా ఉందిలే, తూచడానిక్కాదు, బల్ల మీద గోడకి పెట్టుకుంటా" అన్నాడు. గోడకి!

త్రాసు ఫోనుకి వెనకాలే ఉంది. కుంకుమబొట్టుతో, చామంతి పువ్వుతో. నేను ఫోను ఇంకాస్త నా వైపుకి తిప్పుకుని, "ఎక్కడుందోరా, ఇల్లు మారినప్పుడు పోయినట్టుంది. దొరకలేదు" అన్నాను. అమ్మ నోరు తెరిచింది. కాలితో తొక్కాను. వాడి మొహం ఒక్క క్షణం చిన్నపిల్లాడిలా అయిపోయింది. "అయ్యో, దానికి గుండీ ఉండేది కదా, అదీ పోయిందా?" అన్నాడు. ఏం గుండీ, వీడి మొహం, త్రాసుకి గుండీ ఏంటి, అసలు చూస్తే కదా తెలిసేది అనుకున్నాను. గారెలు మాడుతున్నాయని పెట్టేశాను. నిజంగానే మాడాయి.

సాయంత్రం దాకా నా కోపం నాకు బాగానే ఉంది. పేరంటానికొచ్చిన పక్కింటావిడకి కూడా చెప్పాను, న్యాయం నా పక్షానే ఉందంది. ఆవిడ ఎవరింటికెళ్తే వాళ్ళ పక్షమనుకోండి.

రాత్రి వంటిల్లు కడిగాక వాడు మాటల్లో అన్న ఇంకో ముక్క గుర్తొచ్చింది. వాళ్ళ దగ్గర మందు తూచేది గ్రాముల్లో కాదు, గ్రెయిన్లలో. గ్రెయిన్ అంటే గింజ. ఆ వెబ్లీకి సర్కారు వాళ్ళు వేసిన సీసం గుండు 265 గ్రెయిన్లట. మన తులాన్ని 1833లో ఇంగ్లీషువాళ్ళు సరిగ్గా 180 గ్రెయిన్లకి ఖాయం చేశారు, ఇది తాతయ్య చెప్పిందే. అంతకు ముందు తులానికి తొంభై ఆరు గురివిందలు. అంటే ఆ గుండు ఒకటిన్నర తులానికి కాస్త తక్కువ. నా చంద్రహారం లాకెట్టంత. త్రాసు పెట్టెలో తాతయ్య గురివిందలు ఇప్పటికీ ఉన్నాయి, చిన్న రేకు డబ్బాలో. లెక్క సరిచూద్దామని పెట్టె దించాను. (పన్నెండింటికి లాకెట్టు గురివిందలతో తూచే ఆడది ఈ గుంటూరులో ఇంకోతి ఉంటే చెప్పండి, స్నేహం చేస్తాను.)

ఎడమ పళ్ళెం అడుగున పాసంగం ఉంటుంది, నల్లదారంతో బిగించిన బుల్లి గుడ్డమూట. ఆ పళ్ళెం మొదట్నుంచీ తేలికని, లాలాపేట కంసాలి స్నేహితుడు ఇచ్చినప్పుడే చెప్పాడట. ఇన్నేళ్ళూ తుడిచాను, బొట్టు పెట్టాను, ఆ మూటలో ఏముందో చూళ్ళేదు. సీసం ముక్కో, చింతగింజో అనుకున్నాను. ఇవాళ విప్పాను. విప్పడమేంటి, ముట్టుకుంటే దారం పొడిపొడిగా రాలింది.

చిన్న సీసం రేకు ముక్క. దాంతో పాటు నీలం గుండీ, నాలుగు బెజ్జాలది. బడి నిక్కరుది.

నేను జిగురు కాచడానికి కిందకెళ్ళిన ఏదో కాసేపట్లో అయ్యుంటుంది. నానమ్మ కునుకు తీసిన మధ్యాహ్నమేదో. వాడు పైకొచ్చి, ఊడిన గుండీ ఇచ్చి ఉంటాడు. తాతయ్య, మందు దగ్గర నన్ను మాట్లాడనివ్వని తాతయ్య, వాణ్ణి కూర్చోబెట్టి, ఇదిగో నీ గుండీ ఇక్కడ కడుతున్నానని చూపించి ఉంటాడు. లేకపోతే వాడికెలా తెలుసు? ఏడేళ్ళు కూర్చున్న నాకు తెలీనిది వాడికి తెలుసు. ఒక్క మధ్యాహ్నమో, పది మధ్యాహ్నాలో, ఏం కూర్చున్నాడో నాకేం తెలుసు, నేను మెట్ల మీద ఉన్నాను.

అయినా బొగ్గు నూరింది నేనే. అది మాత్రం వదులుకోను.

దొరికిందని ఇప్పుడు చెబితే ఎక్కడ దొరికిందంటాడు. అమ్మకి దొరికిందని చెప్పిద్దామంటే, అమ్మ వాడితో అబద్ధమాడదు, పైగా నేను కాలు తొక్కిన సంగతి కూడా చెప్పేస్తుంది. పంపితే గోడకి కొట్టుకుంటాడు. పంపకపోతే ఇదిగో ఇలా మళ్ళీ ఏడాది దాకా పెట్టెలోనే ఉంటుంది. ముందు దీన్ని మళ్ళీ కట్టాలి. నల్లదారం రీలు కుట్టుమిషను సొరుగులో ఉంది, కానీ పూజ చేసిన మిషను దశమి దాకా ముట్టుకోకూడదని అమ్మ రూలు. ఇప్పటికి గుండీ ఊరికే పళ్ళెంలో వేసి చూశాను. సరిపోలేదు, కొంచెం తేలే ఉంది. సీసం ముక్క ఎక్కడ పెట్టానో, ఇక్కడే బల్ల మీద ఉండాలి, లైటు వేసి వెతికితే ఆయన లేస్తారు.