గోడ రంగు మాత్రం మనల్నే చెప్పమన్నారు

లైటు ఆర్పి పడుకున్నా ఆ పసుపు చీటీలే కళ్ళ ముందు తిరుగుతున్నాయి. లేచి ఫోన్ పట్టుకుంటే మా ఆయన అటు తిరిగి పడుకునే "రేపు రాసుకోరాదా" అన్నాడు. రేపటికి ఈ కోపం ఉండదు, అదీ సంగతి.

ఇవాళ పదకొండింటికి మన తిరుపతిలో ఒక మీటింగుకి పోయొచ్చా. పాడుబడ్డ పార్కు స్థలంలో జనం కోసం కళాకేంద్రం కడతారట, జనమే వచ్చి ఎలా ఉండాలో చెప్పాలట. సంతోషం. తీరా పోతే బల్ల మీద మోడల్ అప్పటికే రెడీగా ఉంది. స్టేజి ఎక్కడ, మెట్లెక్కడ, సెల్ఫీ పాయింట్ ఎక్కడ అన్నీ తేలిపోయాయి, స్పాంజి చెట్లు కూడా అతికించేశారు. ఇంక మేం చెప్పాల్సింది ఏంటయ్యా అంటే, ముందరి గోడకి ఏ రంగు బాగుంటుందో పసుపు చీటీ మీద రాసి బోర్డుకి అంటించాలి. అంటించేటప్పుడు ఫోటో. "మేడమ్, కొంచెం ఇటు చూడండి" అని నా చేత రెండుసార్లు అంటింపించాడు ఆ కుర్రాడు.

ఆ మోడల్లో ఒక టచ్ గోడ ఉంది. చెయ్యి పెడితే అన్నమయ్య కీర్తన వినిపిస్తుందట. అది పడమటి వైపు, నీడ లేని చోట ఉంది. మే నెలలో మన తిరుపతి ఎండకి, 42 డిగ్రీల్లో, ఆ గోడ మీద ఒకసారి చెయ్యి పెట్టినోళ్ళు రెండోసారి పెట్టరు. కూర్చోడానికి స్టీలు బెంచీలు వేరే! నీడ, బెంచీ, మంచినీళ్ళు, ఈ మూడూ ఉంటే జనం వాళ్ళే వచ్చి కూర్చుంటారు, పిలవక్కర్లేదు. ఇంత చిన్న విషయం అన్ని లక్షల డ్రాయింగులో ఎక్కడా లేదు.

నన్ను బాగా పొడిచింది మాత్రం ఇది కాదు. శ్రీకాళహస్తి నుంచి కలంకారీ వేసే పెద్దాయన ఒకరొచ్చారు. చేతిగోళ్ళ చుట్టూ ఆ నలుపు అలాగే ఉంది. లేచి నిలబడి, "సార్, నాకు స్టేజీ వద్దు. రెండు కొళాయిలు, నీళ్ళు పొయ్యే కాలవ, గుడ్డ ఆరేసుకునే జాగా ఇయ్యండి, ఎవురొస్తే వాళ్ళకి నేర్పిస్తా" అన్నారు. నిజమే కదా, ఆ పనంతా నీళ్ళ మీదే నడుస్తుంది. కరక్కాయ కలిపిన పాలల్లో గుడ్డ నానబెట్టాలి, ఆరబెట్టాలి, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన కసిమిలో కలం ముంచి గీస్తే అప్పుడు గీత నల్లగా తేలుతుంది, తర్వాత పటిక, మళ్ళీ ఉతుకు. స్వర్ణముఖి ఏటి పక్కన ఆ కళ పెరిగింది ఊరికేనా? పిల్లలు ఒక్కసారి ఆ కలం పట్టుకుని గీత గీసి చూస్తే ఇంక వదలరు, మా చిన్నోడే దానికి సాక్ష్యం. "నోట్ చేసుకున్నామండీ" అన్నారు మీటింగు పెట్టినవాళ్ళు. అని వెంటనే తర్వాతి స్లైడు వేశారు, అందులో గోడ పొడుగునా కలంకారీ చెట్టు. పెయింటింగ్ కూడా కాదు, వినైల్ స్టిక్కరట! ఆయన చూసి ఏమీ అనకుండా కూర్చున్నారు.

ఇంటికొచ్చి మా పెద్దమ్మాయికి ఫోన్ చేసి అరగంట కక్కాను. ఆర్కిటెక్చర్ చదివించేది ఎందుకు మరి. అది నవ్వి, 1969లోనే ఆర్న్‌స్టీన్ అని అమెరికాలో ఒకావిడ దీనికి నిచ్చెన గీసి పెట్టిందమ్మా అంది. జనం మాటకి ఎంత విలువ ఉందో చెప్పే ఎనిమిది మెట్లట. అడుగునేమో జనాన్ని ఏమార్చడం, పైనేమో జనమే నడుపుకోవడం. అభిప్రాయం అడిగి ఊరుకోవడం నాలుగో మెట్టేనట. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్ళం, ఈ ఎనిమిదే ఎక్కలేకపోతున్నామన్నమాట.

అప్పుడు దానికి మా అవ్వ వాళ్ళ ఊరి భారతం గురించి చెప్పా. మీకూ ఇదివరకు చెప్పే ఉంటా, అయినా వినండి. చిత్తూరు వైపు పల్లెలు, ద్రౌపదమ్మ గుడి, పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. తపస్సు మాను, అంటే మెట్లు కొట్టిన పొడుగాటి మాను, ఎక్కేరోజు అర్జునుడు ఒక్కో మెట్టుకీ ఒక్కో పద్యం పాడతా పైకి పోతుంటే కింద మెడలు పట్టేసేవి. పైనుంచి నిమ్మకాయలూ విభూదీ విసిరితే, పిల్లల్లేని ఆడవాళ్ళు కొంగు పట్టుకుని ఉండేవాళ్ళు. మా పిన్నీ పట్టింది. ఆఖరి రోజు కోసం గుడి ముందర నేల మీద దుర్యోధనుణ్ణి మట్టితో పడుకోబెడతారు, ఇంటంత మనిషి. ఆ మట్టి తొక్కేది మేమే, పిల్లలందరం, మోకాళ్ళ దాకా బురద. మీసాలకి బొగ్గుపొడి నూరిచ్చేది మా అవ్వ. "కోరమీసం సన్నగా ఉంటే ఎట్టా, వాడు రాజురా" అని కేకలేసేది దిద్దేవాడి మీద. తెల్లారి భీముడు తొడ మీద గద దించితే, మేం తొక్కిన మట్టే కదా, మాకే తగిలినట్టుండేది. ఏ ఆర్కిటెక్టూ గీయలేదు, ఏ చీటీ అంటించలేదు, ఊరంతా చెయ్యి వేసింది. అదీ కళాకేంద్రమంటే, అని చెప్పా దానికి.

మా పెద్దది ఒక్క క్షణం ఆగి, "నువ్వు ఎక్కడ కూర్చునేదానివమ్మా?" అంది.

ముందర, చాప మీద.

"చాప లేనోళ్ళు ఎక్కడుండేవాళ్ళు?"

చింతచెట్టు అవతల. పక్క పల్లె వాళ్ళు. రాత్రంతా నిలబడే చూసేవాళ్ళు, మట్టి దగ్గరికి వాళ్ళ పిల్లలెవరూ వచ్చింది నాకు గుర్తు లేదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు, అదంతే. మా అవ్వ అంత కేకలేసేది గానీ, భారతం ఎప్పుడు పెట్టాలి, ఎంత చందా వెయ్యాలి అనే మాట దగ్గర ఆమెనీ ఎవరూ అడగలేదు.

అదొకటి తగిలాక ఆ పసుపు చీటీల మీద కోపం కాస్త అటూ ఇటూ అయింది. ఎందుకంటే ఆ మీటింగులోనే టీ గ్లాసులు తీస్తున్న అక్క నా పక్కకొచ్చి, "నాకు రాయడం రాదు, నువ్వు రాయి మేడమ్" అంది. ఏం రాయాలంటే, "ఆడోళ్ళ బాత్రూము. లోపల గడియ ఉండాల. లైటు ఉండాల." రాసి అంటించా. లైట్ బ్లూ, క్రీమ్ కలర్, పీచ్ కలర్ అనే చీటీల మధ్య అదొక్కటే పనికొచ్చే చీటీ. చింతచెట్టు అవతలి మనిషి మాట అలా కాయితం మీదికి ఎక్కడం మా అవ్వ ఊళ్ళో నేనెన్నడూ చూడలేదు. అలాగని ఆ వినైల్ స్టిక్కర్‌ని క్షమించేది లేదు.

కూర్చుని చూసి రావడానికి మనకి మహతి ఆడిటోరియం ఉంది, అన్నమాచార్య కళామందిరం ఉంది. గంగజాతరలో బైరాగి వేషం నుంచి మొదలుపెట్టి ఊరు ఊరే వేషం కట్టేస్తుంది, ఆ వారంలో చూసేదెవరో ఆడేదెవరో తెలీదు. మిగతా ఏడాదంతా చెయ్యి పెట్టే చోటే లేదు. ఆ స్థలంలో అది ఒక్కటి కుదిరినా చాలు, గోడ ఏ రంగైనా వేసుకోనీ.

మళ్ళీ మీటింగ్ పెడితే అడగాల్సినవి రాసుకున్నా. తాళం ఎవరి దగ్గర ఉంటుంది, సాయంత్రం ఎన్నింటికి వేస్తారు. కొళాయిలు డ్రాయింగులోకి ఎక్కాయా లేదా. ఆ అక్కని కూడా రమ్మనాలి, టీ ఇవ్వడానికి కాదు. పనిరోజు పదకొండింటికి పెడితే ఆమెకి ఆ పూట కూలి పోతుంది, అది ఎవరిస్తారో కూడా అడగాలి.