టైసన్ ఓడిన టోక్యోలో ఒక సాయంత్రం

టోక్యోలోని నిషికసాయ్‌లో ఉండే మనవాళ్ళకు టోక్యో డోమ్ అంటే బేస్‌బాల్, లేదంటే పిల్లలు ఎక్కుతామని గొడవ చేసే రోలర్ కోస్టర్. నాకు మాత్రం అది 1990 ఫిబ్రవరి 11. బస్టర్ డగ్లస్ అనే బాక్సర్ పదో రౌండ్‌లో ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ మైక్ టైసన్‌ను నాకౌట్ చేసిన చోటు. నిఖత్ జరీన్ పుట్టకముందే మా నిజామాబాద్‌లో చేతులకు తువ్వాళ్ళు చుట్టుకుని "నేనే టైసన్" అంటూ కొట్టుకున్న పిల్లలం మేము. పేపర్లో ఆ వార్త చూసి ఎవరం నమ్మలేదు.

తోజాయ్ లైన్‌లో ఈదబాషి, అక్కడ సోబు లైన్ మారితే తర్వాతి స్టేషనే సుయిదోబాషి. డోమ్ చుట్టూ తిరిగాను. ఆ పోటీ గుర్తుగా ఒక ఫలకమైనా ఉంటుందని వెతికాను. నాకెక్కడా కనబడలేదు. మనసు చివుక్కుమంది. పక్కనున్న కోరాకుఎన్ హాల్‌లో ఆ సాయంత్రం బాక్సింగ్ ఉందంటే టికెట్ కొన్నాను. నిలబడి చూడడానికే ఆరు వేల యెన్లు! ఆ డబ్బుతో ఇక్కడ వారానికి సరిపడా బియ్యం, కూరగాయలు వస్తాయి.

హాల్ ఐదో అంతస్తులో ఉంటుంది. మెట్ల గోడల నిండా అభిమానుల రాతలే. అక్కడ క్యూలో నా ముందున్న పెద్దాయనకు కొంచెం ఇంగ్లీష్ వచ్చు, నాకు కొంచెం జపనీస్ వచ్చు. టైసన్ పేరెత్తగానే ఆయన పూర్తిగా నా వైపు తిరిగిపోయారు. ఆ రోజు డోమ్‌లో ఉన్నారట! అమెరికా టీవీలో శనివారం రాత్రి రావాలని ఇక్కడ ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. అంతకుముందు 1988 మార్చిలో అదే డోమ్‌లో టైసన్ టోనీ టబ్స్‌ను రెండో రౌండ్‌లోనే ముగించాడు. ఈసారీ అంతేనని, ఇంటికెళ్ళి భోంచేయొచ్చని వచ్చారట.

"కార్నర్ చూశాను. రూనీ లేడు" అన్నారాయన. కార్నర్ అంటే రౌండ్ల మధ్య బాక్సర్‌ను చూసుకునే బృందం, రూనీ అంటే టైసన్ పాత ట్రైనర్. టైసన్ కన్ను వాచిపోతుంటే వాపు తగ్గించే ఇనుప పరికరం కూడా వాళ్ళ దగ్గర లేదు. రబ్బరు గ్లవ్‌లో చల్లని నీళ్ళు పోసి అద్దారు. ఆయన తన పిడికిలిని కంటికి ఆనించి మరీ చూపించారు.

టైసన్ కష్టాలు అందరికీ తెలిసినవే. పెంచిన గురువు కస్ డమాటో 1985లోనే పోయారు. టబ్స్ పోటీ అయిన రెండు రోజులకే మేనేజర్ జిమ్ జేకబ్స్ చనిపోయారు. అదే ఏడాది చివర్లో ట్రైనర్ కెవిన్ రూనీని తీసేశారు. తర్వాత రాబిన్ గివెన్స్‌తో విడాకులు. టోక్యో వచ్చాక స్పారింగ్‌లో, అంటే సాధన పోటీలో, గ్రెగ్ పేజ్ అనే బాక్సర్ కొట్టి పడేసినా, అప్పటికే అందరి నోటా ఇంకో బాక్సర్ హోలీఫీల్డ్‌తో జరగబోయే తర్వాతి పోటీ మాటే.

కానీ ఈ కష్టాల వల్లే టైసన్ ఓడాడన్న కథ ఎప్పుడు విన్నా నాకు కోపం వస్తుంది. డగ్లస్ ప్రశాంతంగా ఉన్నాడా? పోటీకి 23 రోజుల ముందు అమ్మ చనిపోయింది. సంసారం కూడా సరిగా లేదు. లాస్ వేగాస్‌లో మిరాజ్ కాసినో అతను గెలిస్తే పందెం కాసినవాళ్ళకు ఒకటికి 42 ఇస్తామంది, అంటే గెలుస్తాడని ఎవరూ అనుకోలేదు. ఎనిమిదో రౌండ్‌లో కింద పడ్డాడు, లేచాడు. ఆ పొడవాటి జాబ్, అంటే ముందు చేత్తో సూటిగా కొట్టే దెబ్బ, మొదటి రౌండ్ నుంచీ టైసన్ ముఖం మీదే ఉంది. టైసన్ ధ్యాస తప్పాడు కాబట్టి ఓడాడు అని ఊరుకుంటే, డగ్లస్ గెలిచాడన్న మాటే మిగలదు.

ఇదంతా పెద్దాయనతో అన్నాను. పోటీల మధ్య విరామాల్లోనూ, తిరిగి స్టేషన్‌కు నడిచేటప్పుడూ ఇదే వాదన. ఆయన ఒప్పుకోలేదు. రూనీ ఉంటే మూడో రౌండ్ కల్లా టైసన్ దెబ్బలు తప్పించుకోవడానికి తల కదిలించేలా చేసేవాడట. కదిలించినా ఆ రోజు డగ్లసే గెలిచేవాడని టికెట్ గేటు దగ్గర కూడా అన్నాను.