విరిగిన కార్కు

మా దిక్కు 'వైన్స్' అంటే దుకాణం, అండ్ల అసలు వైన్ తప్ప అన్నీ దొరుకుతయి. అట్లాంటి మా మహారాష్ట్ర బల్లార్షాల, ఈ యేడాది ఎవరికి నచ్చిన వైన్ సీస వాళ్లు పట్టుకొని మొన్న రాత్రి మిద్దె మీద కూసున్నం. 2015 నుంచి 2021 దాక మా చంద్రపూర్ జిల్లాల మద్యనిషేధం కద, అప్పుడైతే ఈ ముచ్చట గట్టిగ అనేటందుకు గూడ భయమే. సిరొంచ ఉన్న గడ్చిరోలి జిల్లాల 1993 నుంచి ఇప్పటికీ నిషేధమే. అందుకే సిరొంచ బావ సీస తేలేదు, ప్రాణహిత చేపల వేపుడు తెచ్చిండు.

అన్న తెచ్చింది అక్లూజ్ దిక్కు తోటల 'సెత్తె' అనే ఎర్ర వైన్. సాంజొవేసె, కాబెర్నే సొవిన్యాన్ అనే రెండు ద్రాక్షలు కలిపింది. తీస్తుంటే కార్కు సగానికి విరిగింది! మిగిలిన ముక్కను చెంచ కాడతోని లోపలికి నూకి, చాయ జాలిల వడబోసి, స్టీలు గిలాసలల్ల పోసుకున్నం. మొదటి గుక్కకే నాలిక పిడసకట్టింది. టానిన్ అంటరట, నాకైతే వగరు నేరేడుపండు యాదికొచ్చింది.

నా ఓటు నేను తెచ్చిన నాసిక్ షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌కే. ఆ ద్రాక్ష పుట్టిల్లు ఫ్రాన్సుల లువార్ లోయ. చల్లగ తాగితే చేపల కారానికి మస్తు కుదిరింది. బావ మాత్రం "షర్బత్ తీర్గున్నది, ఇప్పసారకు సాటి రాదు" అన్నడు. సీస ఖాళీ చేసింది గూడ ఆయనే.