మహీంద్రా ఎంఎం 540 జీపు: ట్రాన్స్‌ఫర్ కేసు 'లో' గేరు దిగుడులోనే ఎందుకు జారుతోంది?

మళ్ళీ జారింది! ఒడిశాలో దేవమాలి కొండ కింద మట్టిదారిలో, 'ఫోర్ లో' (నాలుగు చక్రాలకీ బలం వెళ్ళే లో గేరు) వేసి, కాలు తీసేసి ఇంజన్ బ్రేకింగ్ మీద దిగుతుంటే టక్కుమని లివర్ న్యూట్రల్లోకి వచ్చేసింది. జీపు ఒక్కసారిగా ముందుకు ఉరికింది. ఎక్కేటప్పుడు ఎంత లోడు వేసినా కదలదు. చల్లగా ఉన్నప్పుడు దిగుడులోనూ కదలదు. ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్ బాక్సు వెనక ఉండి ముందు, వెనక చక్రాలకి బలం పంచే పెట్టె) మీద చెయ్యి ఆనించలేనంత కాగాకే ఈ తంటా.

ఫ్లోర్ ప్లేటు తీసేసి నడిపి చూశాను, లివర్ ఎక్కడా తగలడం లేదు. మౌంటింగులు కొత్తవే. గేరుని పడిన చోటే ఆపే డిటెంట్ బాల్స్ బాగున్నాయి, స్ప్రింగులు మార్చాను. లివర్ బిగువెక్కింది తప్ప జబ్బు తగ్గలేదు. గేరు జారుతోందంటే గట్టి స్ప్రింగు వేసి పంపేయడం నాకసలు నచ్చదు. గేరు బయటికి తోస్తుంటే స్ప్రింగు బలవంతంగా ఆపుతుంది, మధ్యలో గేరుని జరిపే ఫోర్కు అరిగిపోతుంది.

తర్వాత అవుట్‌పుట్ షాఫ్టు ఎండ్ ప్లే, అంటే షాఫ్టు ముందుకీ వెనక్కీ ఆడే ఖాళీ చూశాను. డయల్ గేజీలో 0.36 మి.మీ. చూపించింది. ఉండాల్సింది 0.10 నుంచి 0.20. వెనక క్యాప్ కింద షిమ్ములు (పలచటి రేకు బిళ్ళలు) తీసి 0.15కి తెచ్చాను. ఆ షిమ్ముల మధ్య లీకు ఆపే అనాబాండ్ జిగురు దట్టంగా పూసేస్తుంటారు, ఆ పూత మందానికే కొలత తప్పుతుంది. జారడం తగ్గింది గానీ పోలేదు.

అసలు ఆచూకీ ఆయిల్లో దొరికింది. డ్రెయిన్ ప్లగ్గుకి అంటిన బూడిదరంగు ముద్ద మామూలే. ట్రేని ఎండలో కాస్త వాల్చి చూస్తే అడుగున పసుపుపచ్చ రజను మెరుస్తోంది, అయస్కాంతానికి అంటదు, అంటే ఇనుము కాదు, ఇత్తడి లాంటిదేదో అరుగుతోంది. గేర్ బాక్సుకీ ట్రాన్స్‌ఫర్ కేసుకీ మధ్య ఆయిల్ తిరుగుతుంది కాబట్టి గేర్ బాక్సులో గేర్లు మెత్తగా పడేలా చేసే సింక్రో రింగులదీ కావచ్చు. కానీ గేర్లు వెన్నలా పడుతున్నాయి. అందుకే నా అనుమానం ట్రాన్స్‌ఫర్ కేసు మధ్యలోని ఇంటర్మీడియట్ గేరుకి అటూ ఇటూ, అది పక్కకి జరక్కుండా ఉండే థ్రస్ట్ వాషర్ల మీదికి పోయింది. సాలూరులో కింది కవర్ విప్పాక లేత్ మేస్త్రీ వేలితో గేరుని ఊపి, "రాడ్డుని ఒగ్గెయ్ బాబూ, మద్దెలో గేరు ఎలా ఆడతందో సూడు" అన్నాడు. ఆ సందులో ఫీలర్ గేజీ (సందు కొలిచే రేకులు) 0.60 మి.మీ. బ్లేడు సులువుగా దూరింది. ఆ గేరు షాఫ్టు తీస్తే రోలర్లు తిరిగే చోట 0.07 మి.మీ. తరుగు, గోటికి తగులుతోంది.

నా లెక్క ఇది. ఇన్‌పుట్ గేరుతో కలిసే పళ్ళు ఏటవాలువి. ఇంజన్ లాగేటప్పుడు ఇంటర్మీడియట్ గేరుని ఒక పక్కకు తోస్తాయి, చక్రాలు ఇంజన్ని తిప్పేటప్పుడు రెండో పక్కకు. అక్కడ ఖాళీ ఉంది కాబట్టి గేరు జరుగుతుంది, షాఫ్టు అరిగింది కాబట్టి వంగుతుంది కూడా. పళ్ళు వంకరగా పట్టుకుని, లివర్ జరిపే స్లైడింగ్ గేరుని బయటికి నెడుతున్నాయి. ఆయిల్ కాగి పలచబడితే ఆ కాస్త అడ్డూ ఉండదు.



షాఫ్టుకి మెటల్ నింపి గ్రైండింగ్ చేస్తామన్నారు, వద్దన్నాను. నీడిల్ రోలర్ల కింద అది నిలవదు. కొత్త షాఫ్టు, రోలర్లు, వాషర్లు వేస్తాను. ఆయిల్ జీఎల్-4 80డబ్ల్యూ90. షిఫ్ట్ రాడ్డు మీద తెల్ల పెయింటు గీత పెట్టి, బాగా కాగాక అదే దిగుడులో దింపుతాను. గీత జరిగితే స్లైడింగ్ గేరు పళ్ళ చివర్లు చూడాలి. ఎలాగూ విప్పాను కాబట్టి గేర్ బాక్సు నుంచి ఆయిల్ వచ్చే దారి కూడా మూసేస్తా, ఈసారి రజను కనిపిస్తే ఏ పెట్టెదో తెలుస్తుంది.