వినపడినా, వినపడకపోయినా

"బాబాయ్, ఇప్పుడు కుడిపక్కకి తిప్పుతున్నా. కాస్త చెయ్యి లాగినట్టుంటుంది, ఓర్చుకో."

తలెత్తి చూశాను. పక్క మంచం మీద పెద్దాయనకి స్పృహ లేదు. అయినా ఆయా మాట్లాడుతూనే ఉంది. వీపు వెనక దిండు సర్దింది, మోకాళ్ళ మధ్య ఇంకోటి పెట్టింది. నడుం కింద దుప్పటి మడత పడిందేమోనని చేత్తో తడిమి మరీ సాపు చేసింది.

పడకపుళ్ళు రాకుండా రెండు గంటలకోసారి అలా తిప్పుతారు, రాత్రీ పగలూ.

ఉండబట్టలేక అడిగాను, ఆయనకి వినపడుతుందా అని. "ఏమోనమ్మా. మనిషి కదా, చెప్పకుండా ఎలా ముట్టుకుంటాం?" అంది.

బయటికి ఏ స్పందనా లేని ఓ పేషెంటు మెదడు, డాక్టర్లు చెప్పిన మాటకి తగ్గట్టు పనిచేస్తోందని 2006లో స్కానింగులో కనిపించింది. ఈ సంగతి ఆమెకి తెలియకపోవచ్చు. తెలిసినా తెలియకపోయినా ఆమె అలాగే మాట్లాడుతుందని నా నమ్మకం.

విలువలంటే మనకి పెద్ద త్యాగాలే గుర్తొస్తాయి. నాకిప్పుడు అంతకంటే కష్టమైనదిదే అనిపిస్తోంది. థాంక్స్ చెప్పలేని మనిషి దగ్గర, చూసేవాళ్ళు లేని వేళ, అదే మర్యాద. అదీ ఒళ్ళు నొప్పులతో, నిద్ర ఆపుకుంటూ, ఒక మంచం తర్వాత ఇంకో మంచం.

ఇలా బతికితే చాలదూ అనిపించింది, నిజంగా. హోదా గురించి, పేరు గురించి నేను పడే టెన్షన్ అంతా కాసేపు ఎటో పోయింది.

మీకూ ఇలాంటి మనుషులు ఎదురై ఉంటారు. వాళ్ళ గురించి చెప్పండి, వినాలనుంది.