సొంత టెక్స్ట్ బాక్స్: కీబోర్డు పని 0.5 దాకా

సీ భాషలో, ఎస్‌డీఎల్ 3 (విండోలు, కీబోర్డు చూసుకునే లైబ్రరీ) మీద, ఒకే లైను టెక్స్ట్ బాక్స్. కింది అంకెలు దాని వెర్షన్లు. రెడీమేడ్ విడ్జెట్ ఏదీ లేదు. కర్సరు, సెలెక్షను, కాపీ-పేస్టు అన్నీ చేత్తో రాసినవే. పరీక్షకి మూడు లేఅవుట్లు: ఇన్‌స్క్రిప్ట్ తెలుగు, ఐబస్‌లో (లినక్స్‌లో భాషల టైపింగ్ చూసుకునే ప్రోగ్రామ్) ఫొనెటిక్ తెలుగు, జర్మన్. ఇంగ్లీషు లేఅవుట్ ఒక్కదానితో సరిపెట్టుకుంటే కింద చెప్పే తప్పుల్లో చాలావరకు బయటపడవు.

0.1: కీ వేరు, అక్షరం వేరు

మొదటి కోడు కీ-డౌన్ ఈవెంటులోని (కీ నొక్కగానే వచ్చే కబురు) కీకోడ్‌నే, అంటే ఆ కీకి లేఅవుట్ ఇచ్చే నంబరునే, బఫర్‌లో (పాఠాన్ని దాచే మెమరీ) వేసేది, షిఫ్ట్ నొక్కి ఉంటే పెద్దక్షరం చేసేది. ఇది ఇంగ్లీషులోనే నిలబడదు. షిఫ్ట్+2 అమెరికన్ లేఅవుట్‌లో @, బ్రిటిష్ లేఅవుట్‌లో కొటేషన్ గుర్తు. ఆ పట్టిక మనం రాయాల్సింది కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర ఉంది.

ఇప్పుడు రెండు దారులు. బఫర్‌లోకి వెళ్లే ప్రతి అక్షరమూ టెక్స్ట్-ఇన్‌పుట్ ఈవెంటు నుంచే. కీ-డౌన్ నుంచి ఆజ్ఞలు మాత్రమే: బాణాలు, హోమ్, ఎండ్, బ్యాక్‌స్పేస్, డిలీట్, ఎంటర్, ఎస్కేప్, కంట్రోల్ షార్ట్‌కట్లు. ఎస్‌డీఎల్ 2లో డెస్క్‌టాప్ మీద టెక్స్ట్ ఇన్‌పుట్ దానంతటదే ఆన్ అయి ఉండేది. 3లో బాక్సుకి ఫోకస్ రాగానే విండోని ఇచ్చి స్టార్ట్ చెయ్యాలి, ఫోకస్ పోగానే ఆపాలి. బ్యాక్‌స్పేస్ పనిచేస్తూ అక్షరాలు మాత్రం పడటం లేదంటే ఇదే మర్చిపోయి ఉంటారు.

నేరుగా విండోస్ మెసేజులతో రాసేవాళ్లకి ఒక మాట: అక్కడ క్యారెక్టర్ మెసేజులోనే బ్యాక్‌స్పేస్ 8గా, ఎంటర్ 13గా, ఎస్కేప్ 27గా, కంట్రోల్+బ్యాక్‌స్పేస్ 127గా వచ్చిపడతాయి. 32 కన్నా తక్కువవీ, 127నీ వడగట్టకపోతే బాక్సులో డబ్బా గుర్తులు కనిపిస్తాయి. ఎమోజీ అయితే చాలావరకు రెండు మెసేజులుగా వస్తుంది. మొదటి సగాన్ని పట్టి ఉంచి, రెండోది వచ్చాక కలపాలి.

0.2: కంట్రోల్ గొడవ

"కంట్రోల్ నొక్కి ఉంటే అది ఆజ్ఞ" అని రాస్తే జర్మన్ వాళ్లకి @ పడదు. ఆ లేఅవుట్‌లో @ అంటే ఆల్ట్-జీఆర్+క్యూ. విండోస్ ఆల్ట్-జీఆర్‌ని ఎడమ కంట్రోల్, కుడి ఆల్ట్ కలిపి నొక్కినట్టుగా చూపిస్తుంది. అందుకని షరతు మారింది: కంట్రోల్ ఉండాలి, ఆల్ట్ ఉండకూడదు.

రెండోది తెలుగు వైపు నుంచి వచ్చింది. ఇన్‌స్క్రిప్ట్‌లో సి కీ మీద ఉండేది మ, వి మీద న. లేఅవుట్‌ని అనుసరించే కీకోడ్‌తో పోల్చి చూస్తే కంట్రోల్+సి కాస్తా కంట్రోల్+మ అయి, కాపీ జరగదు. పోనీ ఎప్పుడూ కీ భౌతిక స్థానాన్నే, అంటే స్కాన్‌కోడ్‌నే చూద్దామంటే ఫ్రెంచి లేఅవుట్ అడ్డం తిరుగుతుంది. అక్కడ ఎ, క్యూ స్థానాలు తారుమారు కాబట్టి, కంట్రోల్+ఎ నొక్కి అన్నీ సెలెక్ట్ చెయ్యబోయినవాడికి అది కంట్రోల్+క్యూ అయి ప్రోగ్రామ్ మూసుకుపోవచ్చు. కుదిరిన మధ్యేమార్గం: కీకోడ్ 127 లోపు ఉంటే కీకోడ్, దాటితే స్కాన్‌కోడ్.

0.3: కర్సరు ఎక్కడ ఆగాలి

ఎక్కువ సమయం తిన్నది ఇదే. లోపల యూటీఎఫ్-8 (యూనికోడ్ గుర్తుల్ని బైట్లుగా రాసే పద్ధతి) బైట్లు, కర్సరు స్థానం కూడా బైట్ల లెక్కలోనే. తెలుగు బ్లాకులో ఏ గుర్తయినా మూడు బైట్లు. క అంటే 224, 176, 149. ఒక కోడ్ పాయింట్ (యూనికోడ్‌లో ఒక గుర్తు) వెనక్కి జరగాలంటే 128 నుంచి 191 దాకా ఉన్న బైట్లన్నీ దాటి, ఆ పరిధిలో లేని మొదటి బైటు దగ్గర ఆగాలి. ఇంతవరకు సులువే.

కోడ్ పాయింటూ కంటికి కనిపించే అక్షరమూ ఒకటి కాకపోవడం దగ్గర చిక్కు మొదలవుతుంది. "స్త్రీ" చూపుకి ఒక్క అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం: ఆరు కోడ్ పాయింట్లు, 18 బైట్లు. కుడి బాణం ఒక్కసారి నొక్కితే ఆ 18 బైట్లూ దాటాలి. దీనికి యూనికోడ్ గ్రాఫీమ్ క్లస్టర్ నియమాలు (ఏ కోడ్ పాయింట్లు కలిసి ఒక అక్షరమో చెప్పేవి) వాడాలి, అవీ 2023లో వచ్చిన 15.1 లేదా ఆ తర్వాతవి. పాత నియమాల్లో పొల్లు తర్వాత క్లస్టర్ తెగిపోయేది, బాణం "స్త్రీ"లో మూడు చోట్ల ఆగేది. హల్లు-పొల్లు-హల్లుని కలిపి ఉంచే నియమం తెలుగుకీ, మరికొన్ని భారతీయ లిపులకీ 15.1లోనే చేరింది. మీ లైబ్రరీ ఏ యూనికోడ్ డేటాతో తయారైందో ముందు చూసుకోండి, కోడులో తప్పు వెతకడం తర్వాత.

బాణాలు, డిలీట్ క్లస్టర్ లెక్కన పనిచేస్తాయి. బ్యాక్‌స్పేస్ మాత్రం ఒక్క కోడ్ పాయింటే తీస్తుంది. గుణింతం తప్పు పడ్డవాడు గుణింతమే చెరపాలనుకుంటాడు, నాలుగు కీలు నొక్కి తెచ్చుకున్న "క్షి" మొత్తం పోగొట్టుకోవాలనుకోడు.

అన్నిటికన్నా మొండి బగ్గు ఇది. "కర్సరు ఎప్పుడూ క్లస్టర్ సరిహద్దులోనే ఉండాలి" అని ప్రతి మార్పు తర్వాతా దాన్ని సరిహద్దుకి నెట్టే ఫంక్షన్ ఒకటి ఉండేది. "రణ"ని "రక్షణ"గా మార్చాలి. ర తర్వాత కర్సరు పెట్టి క కొట్టాం, పొల్లు కొట్టాం. ఆ క్షణంలో క, పొల్లు, ణ కలిసి "క్ణ" అనే ఒకే క్లస్టర్ అయిపోతాయి, కర్సరు దాని నడుమ ఉంటుంది. ఫంక్షన్ దాన్ని ణ తర్వాతికి నెట్టేసింది. ఇప్పుడు ష కొడితే వచ్చేది "రక్ణష". పరిష్కారం: టైపు చేసినప్పుడూ, బ్యాక్‌స్పేస్ కొట్టినప్పుడూ కర్సరుని కదపకూడదు. సరిహద్దుకి నెట్టడం బాణాలకీ, మౌస్ క్లిక్కుకీ మాత్రమే. కర్సరు క్లస్టర్ నడుమ ఉన్నంతసేపూ గీతని క్లస్టర్ కుడి అంచున గీస్తున్నాను. అంత అందంగా ఉండదు కానీ అది ఒక కీ దూరం పాటే.

"సాఫ్ట్‌వేర్"లో ట్ తర్వాత కంటికి కనబడని జీరో-విడ్త్ నాన్-జాయినర్ ఉంది. అదే లేకపోతే వ ముందున్న అక్షరానికి వత్తై కూర్చుంటుంది. అక్కడ బ్యాక్‌స్పేస్ కొడితే మొదట పోయేది అదే: ఒక్క అక్షరమూ తగ్గకుండా మాట రూపు మారిపోతుంది. బగ్గు అనుకుని "సరిదిద్దడానికి" పూనుకోవద్దు.

గీయడం గురించి రెండే ముక్కలు. ఎస్‌డీఎల్ ఫాంట్ లైబ్రరీని హార్ఫ్‌బజ్‌తో (అక్షరాల్ని కలిపి రూపుదిద్దే లైబ్రరీ) కలిపి బిల్డ్ చెయ్యకపోతే వత్తులు ఏర్పడవు, పొల్లులు విడివిడిగా కనిపిస్తాయి. కర్సరు అడ్డస్థానం కోసం మొదటినుంచి అక్కడిదాకా ఉన్న ముక్క వెడల్పు కొలవచ్చు గానీ, క్లస్టర్ సరిహద్దుల్లోనే కొలవాలి. "రక్" విడిగా కొలిస్తే పొల్లుతో వెడల్పు వస్తుంది, "రక్ణ"లో ఆ పొల్లే కనిపించదు.

0.4: ఇంకా ఖరారు కాని అక్షరాలు

ఫొనెటిక్ పద్ధతిలో ఖరారయ్యేదాకా వచ్చే పాఠం టెక్స్ట్-ఎడిటింగ్ ఈవెంటులో, ప్రతిసారీ మొత్తంగా వస్తుంది: త్, తె, తెల్, తెలు. పాతదాని మీద కొత్తది పెట్టాలి. వెనక అతికిస్తే నాలుగూ వరసగా పేరుకుంటాయి. దీన్ని అసలు బఫర్‌లో కలపకుండా వేరే స్ట్రింగులో ఉంచి, కర్సరు దగ్గర కింద గీతతో చూపించాలి.

ఆ స్ట్రింగు ఖాళీగా లేనంతవరకు ఎంటర్, ఎస్కేప్, బాణాలు, బ్యాక్‌స్పేస్ మనవి కావు, ఇన్‌పుట్ మెథడ్‌వి, అంటే ఐబస్ లాంటి టైపింగ్ ప్రోగ్రామ్‌వి. ఖరారు చేసిన ఎంటరే ఫారాన్ని కూడా పంపేయకుండా, టెక్స్ట్ వచ్చిన ఫ్రేములో (తెరని ఒకసారి గీసే వ్యవధి) ఎంటర్‌ని పట్టించుకోవడం లేదు. సూచనల పెట్టె విండో మూలన తేలుతోందంటే కర్సరు దీర్ఘచతురస్రాన్ని ఎస్‌డీఎల్‌కి చెప్పలేదన్నమాట. ఆ కొలతలు విండో యూనిట్లలో ఇవ్వాలి, పిక్సెళ్లలో కాదు. ఆ రెండూ వేరుగా ఉండే సిస్టమ్ మీద, 200 శాతం స్కేలింగ్‌లో పిక్సెళ్లిస్తే పెట్టె రెట్టింపు దూరంలో తెరుచుకుంటుంది.

0.5: పరిమితి, పేస్టు

64 బైట్ల గడిలో తెలుగు కోడ్ పాయింట్లు 21 పడతాయి, ఒక బైటు మిగులుతుంది. 64 దగ్గర గుడ్డిగా కోస్తే ఆ ఒక్క బైటు చెల్లని యూటీఎఫ్-8గా మిగులుతుంది. కోత క్లస్టర్ సరిహద్దులోనే పడాలి. పేస్టులో వచ్చే లైన్ బ్రేకులకి బదులు ఒక్కో స్పేసు, విండోస్ తరహా జంట గుర్తులైనా ఒకటే స్పేసు.

వెతుకులాటకి ఒక మెలిక: ఐత్వం (ై) ఒకే కోడ్ పాయింటుగానూ ఉండొచ్చు, ఎత్వం పక్కన ఐ-పొడవు గుర్తు చేరి రెండుగానూ ఉండొచ్చు. తెర మీద తేడా తెలియదు, బైట్లు వేరు. బఫర్‌లోకి వెళ్లేముందు ఎన్ఎఫ్‌సీ (ఇలాంటి జంట రూపాల్ని ఒకటి చేసే యూనికోడ్ పద్ధతి) చేస్తే రెండూ ఒకటవుతాయి.

మిగిలినవి: అన్‌డూ, కీ రిపీట్ (నొక్కిపట్టిన కీ ఈవెంట్లు మళ్లీ మళ్లీ రావడం). ఎంటర్‌కి, కంట్రోల్+వి (పేస్టు)కి రిపీట్ ఈవెంట్లు వదిలెయ్యాలి, బ్యాక్‌స్పేస్‌కీ బాణాలకీ తీసుకోవాలి. అన్‌డూలో నొక్కిపట్టిన బ్యాక్‌స్పేస్ అంతా ఒకే అడుగుగా లెక్కపడాలి. ఫొనెటిక్‌లో ఖరారైన మాట ఒక్కొక్కటీ ఒక్కో అడుగు.