బండి ఆగిన ఊరు

అక్టోబరు వచ్చిందంటే ఆంధ్రా–ఒడిశా సరిహద్దులో ఇచ్ఛాపురం నుంచి బరంపురం దాకా అందరి చెవులూ సముద్రం వైపే ఉంటాయి. 1999లో సూపర్ సైక్లోనుకు పన్నెండు రోజుల ముందే ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్‌ను ఒక తుపాను కొట్టింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ అక్కడే తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లా కొండల మీద విరుచుకుపడింది. హౌరా–చెన్నై రైలు మార్గం, జాతీయ రహదారి ఇక్కడ దాదాపు పక్కపక్కనే పోతాయి కాబట్టి ఆగితే రెండూ ఒకేసారి ఆగుతాయి. గిరిసోల చెక్‌పోస్టు దగ్గర బస్సులు, సుర్లా రోడ్డు లాంటి చిన్న స్టేషన్లో రైలు. అందులో వెల్లూరు ఆసుపత్రికి పోతున్న బెంగాలీలుంటారు, చెన్నైలోనో కేరళలోనో పనికి బయల్దేరిన ఒడియా కుర్రాళ్లుంటారు, చంటిపిల్లల తల్లులుంటారు.

ఈ ఊళ్లకు అన్నం పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంటికొకరు సూరత్ మిల్లుల్లో ఉన్న గంజాం జిల్లా ఇది. పరాయి చోట చిక్కుకుపోవడమంటే ఏమిటో ప్రతి అమ్మకీ తెలుసు. తెలుసుకోవాల్సింది ఒక్కటే: దారిలో చిక్కుకున్నవాడు అడగడు. దాహమని చెప్పడు, మందు అయిపోయిందని చెప్పడు, ఆడపిల్ల బయటికెళ్లాలని అసలే చెప్పదు. అందుకే అడిగే పని లేకుండా ముందే అమర్చాలి.

రైలు ఆగగానే అందర్నీ దింపి ఊళ్లోకి తెచ్చేయకండి. గాలి ఉధృతంగా ఉన్నప్పుడు రేకుల షెడ్డు కంటే రైలు పెట్టే నయం. పైగా పైనున్న కరెంటు తీగలో 25 వేల వోల్టులుంటుంది. తెగి కింద పడినా, చెట్టుకొమ్మ దాని మీద వాలినా, కరెంటు పోయిందనుకుని దగ్గరికెళ్లకూడదు. స్టేషన్ మాస్టరు సరేనన్నాకే కదలండి. గాలి ఉన్నట్టుండి ఆగి ఆకాశం తేటపడితే తుపాను పోయిందనుకోవద్దు. అది తుపాను కన్ను అయితే కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే గాలి మళ్లీ కొడుతుంది. ఆ మధ్యలో బయటికొచ్చినవాళ్లకి దెబ్బలు తగులుతాయి. ముసలివాళ్లను, రోగులను, పసిపిల్లల తల్లులను మాత్రం గాలి తగ్గాక బడికో తుపాను షెల్టరుకో చేర్చండి. ఒక మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలంటారు. ఆ లెక్కన 20×25 అడుగుల తరగతి గదిలో 13 మందే. ఒక రాత్రికైతే పాతికమంది సర్దుకోవచ్చు, అంతకు మించి కుక్కొద్దు.

తిండి కన్నా ముందు నీళ్లు. తాగడానికే మనిషికి రోజుకు మూడు లీటర్లు కావాలి. వాన తరవాత నూతి నీళ్లను అలాగే ఇవ్వకూడదు. రెండు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల లోతు నీళ్లున్న నూతిలో సుమారు 12,500 లీటర్లుంటాయి. మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున మామూలు రోజుల్లో 30 గ్రాములు సరిపోతుంది, వరద నీరు చేరితే రెట్టింపు వేయండి. పౌడరును బకెట్‌లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, ముప్పావు బకెట్ నీళ్లు పోసి పది నిమిషాలు వదిలేస్తే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు మాత్రం ఇంకో బకెట్‌లోకి వంచి, దాన్ని తాడుతో నూతిలోకి దించి బాగా కలియబెట్టాలి. ఆ సున్నం నూతిలో పడకూడదు. గంట ఆగి తోడితే నీళ్లకు లేతగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే ఇంకొంచెం వేయాలి. చాలా ఊళ్లలో తప్పు పౌడరు దగ్గరే జరుగుతుంది. పంచాయతీ గదిలో మూట విప్పి పడేసిన పాత పౌడరులో ఘాటు ఉండదు, ఎంత వేసినా వట్టి సున్నమే. నీళ్లు బురదగా ఉంటే పటికతో తేర్చి, గుడ్డలో వడకట్టాకే మందు వేయాలి. లేదంటే ఆ బురదే క్లోరిన్‌ని తినేస్తుంది.

మొదటి పూట పొయ్యి వెలిగించనే వద్దు. తలకి వంద గ్రాముల అటుకులు, ఓ బెల్లం ముక్క చాలు. రెండో పూటకి కిచిడీ. వందమందికి బియ్యం 10 కిలోలు, పెసరపప్పు రెండున్నర కిలోలు, నీళ్లు 45 లీటర్లు, నూనె లీటరు. ఉప్పు ముందు 300 గ్రాములు వేసి, రుచి చూసి పెంచండి. ఒకే గుండిగలో కాకుండా రెండింట్లో సగం సగం వండితే అడుగంటదు. ఉల్లి, వెల్లుల్లి వేయొద్దు. ఈ తుపానులు కార్తీకంలోనూ రావొచ్చు, ఒడియా ఇళ్లలో ఆ నెలంతా వాటిని ముట్టనివాళ్లు ఎందరో. మిరపకాయ కూడా తగ్గించండి, పిల్లలు తినాలి. తడి కట్టె మండదు కాబట్టి సెప్టెంబరు నుంచే అటక మీద కొబ్బరి చిప్పలు, డొక్కలు పెట్టుకోవాలి. రైలు దాకా పొట్లాలు మోయాలంటే కిచిడీ కన్నా పులిహోర మేలు, చింతపండు వల్ల ఆగుతుంది. అన్నం గుడ్డ మీద ఆరబోసి ఆవిరి పోయాకే అడ్డాకుల్లో కట్టండి. వేడివేడిగా ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమర్చి త్వరగా పులిసిపోతుంది.

మందుల సంగతి కాస్త నిదానంగా చూడాలి. ఆశా కార్యకర్తో నర్సమ్మో ఒక్కొక్కరి పక్కన కూర్చుని మెల్లగా అడగాలి. నలుగురిలో అడిగితే మూర్ఛ ఉందని, టీబీ ఉందని ఎవరూ చెప్పరు. మూర్ఛ మాత్రలు ఒక్క పూట తప్పినా ప్రమాదమే. ఫ్రిజ్ లేదని ఇన్సులిన్ పారేయొద్దు. 30 డిగ్రీల లోపు ఉంటే వాడుతున్న సీసా నాలుగు వారాలు పనిచేస్తుంది. తడి ఇసుక పోసిన కుండలో చిన్న కుండ పెట్టి అందులో ఉంచండి. ఐసు ముక్కల మధ్య పెడితే గడ్డకట్టి పాడవుతుంది. డయాలసిస్ చేయించుకునేవాళ్లది మాత్రం ఆగే జబ్బు కాదు. దారి తెరుచుకోగానే బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రికి వెళ్లే మొదటి బండిలో వాళ్లుండాలి, 108కి వాళ్ల పేర్లే ముందు చెప్పాలి.

ఇక్కడే మన మంచితనం ప్రాణం మీదికి తెచ్చే చోటు ఒకటుంది. తుపానుకి తోటల్లో బొండాలు రాలి ఉంటాయి, అలిసినవాడు కనిపిస్తే కొట్టి చేతికిచ్చేస్తాం. కిడ్నీ జబ్బున్నవాళ్లకు కొబ్బరినీళ్లు ఇవ్వకూడదు. అందులోని పొటాషియంని వాళ్ల కిడ్నీలు బయటికి పంపలేవు, అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. అరటిపండూ అంతే. ఉద్దానం పక్కనున్న ఊళ్లకు ఈ జబ్బు కొత్త కాదు, అయినా హడావుడిలో మరిచిపోతాం. బొండం కొట్టే మనిషే "కిడ్నీ ఏమైనా ఇబ్బందా అమ్మా?" అని అడిగి ఇవ్వాలి.

ఆడవాళ్లకి మరుగుదొడ్డి వేరుగా, లోపల గడియతో, లోపలికీ దారికీ దీపంతో ఉండాలి. మొదట్లో 50 మందికి ఒకటైనా తప్పదు. ప్యాడ్లు లోపలే అట్టపెట్టెలో పెట్టేయండి, ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

ఫోన్లకి ట్రాక్టరు బ్యాటరీ వాడేవాళ్లు జాగ్రత్త. పూర్తిగా దించేస్తే బ్యాటరీ పాడవుతుంది, రోడ్డు మీద చెట్టు లాగడానికి ట్రాక్టరూ కదలదు. ఇన్వర్టర్ కోసం వాడే 150 ఏహెచ్ బ్యాటరీలో సగం వాడుకుంటే నలభై ఫోన్లు నిండుతాయి. నిండే దాకా ఉంచకుండా తలా ఇరవై నిమిషాలు ఇస్తే వందమంది ఇంటికి కబురు చెప్పుకుంటారు. మాట కలవకపోతే మెసేజి పెట్టమనండి, నెట్‌వర్కు బలహీనంగా ఉన్నా అది వెళ్లే అవకాశం ఎక్కువ.

పేరు, ఊరు, బండి, పెట్టె, ఇంటి ఫోను, మందు: ఇవి రాసిన జాబితా రెండు ప్రతులు ఉండాలి. ఒకటి సర్పంచ్ దగ్గర, ఇంకోటి స్టేషన్ మాస్టరు దగ్గర. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్లో ఒడియా చదివే పిల్లలు ఈ పనికి ఎంతో అక్కరకొస్తారు. బండి ఎప్పుడు కదులుతుందో చెప్పలేం కాబట్టి ఒక కుర్రాణ్ని స్టేషన్లో ఉంచి, కబురు రాగానే బడి గంట కొట్టించండి. టికెట్లు పారేయొద్దని అందరికీ చెప్పండి. ప్రయాణం మధ్యలో ఆగిపోతే డబ్బు వాపసుకి అవే ఆధారం. బండి వెళ్లాక గుంట మరుగుదొడ్లు సున్నం చల్లి పూడ్చి, నూతిలో మళ్లీ మందు వేయండి. మిగిలిపోయిన మాత్రలు ఎవరికీ పంచకుండా ఆశా కార్యకర్తకి అప్పజెప్పండి.